వీపు మీద ఎండ

ఆ శనివారం నేను చేయవలసిన పనులు ఇవి:

ఏలూరులో మొదటి బస్సు అందుకోవాలి.
కొల్లేరులో ఉన్న ఆ లంక ఊరికి చేరి, ఆకాశంలో పడవను చూశామన్న వాళ్ళను కలవాలి.
ఒకరి మాట ఒకరికి వినపడకుండా విడివిడిగా అడగాలి.
దిక్కును నోటితో చెప్పించుకోకూడదు. చూసిన చోటే నిలబెట్టి, చేత్తో చూపించమనాలి.
ఊరి పేరు, మనుషుల పేర్లు రాయకూడదు. సాక్షి ఒకటి, సాక్షి రెండు అని రాయాలి. కనబడినదాన్ని ‘వస్తువు’ అనాలి.
సాయంత్రం తాడేపల్లిగూడెంలో దిగి, అమ్మ మోకాళ్ళ నొప్పులకు మాత్రలు కొనాలి.

అన్నీ చేశాను. మాత్రలు ఒక్కటే మరిచిపోయాను.

నా పేరు అనిల్ కుమార్. మాది పెంటపాడు. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ వెళ్ళి నన్ను చదివించింది. మా ఇంట్లో డిగ్రీ అన్న మాట నాతోనే మొదలైంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయ్యాక వట్లూరులో ఒక కాలేజీలో కోదండరామయ్యగారి దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా చేరాను. ఆకాశంలో అర్థం కానివి ఏవైనా కనబడ్డాయని ఎవరైనా చెబితే, అక్కడికి వెళ్ళి, చూసినవాళ్ళతో మాట్లాడి, అదేమిటో తేల్చడం మా పని. చాలావరకు తేలిపోయేవి. ఒకటి శుక్రగ్రహం, ఒకటి చేలకు మందు కొట్టే డ్రోను, ఇంకొకటి పెళ్ళివారు గాల్లోకి వదిలిన దీపం బుట్ట.

“మనుషులు అబద్ధం చెప్పరయ్యా” అనేవారు కోదండరామయ్యగారు. “చూసింది ఒకటి ఉంటుంది. నలుగురిలో చెప్పాక మిగిలేది ఇంకొకటి ఉంటుంది. మనకి మొదటిది కావాలి.”

తుఫాను వెళ్ళిన వారం అది. కొల్లేరుపై గాలిలో తేలిన పడవ అని శుక్రవారం పేపరు జిల్లా పేజీలో చిన్న వార్త వచ్చింది. మర్నాడే నన్ను పంపారు. రోడ్డు మీద నీళ్ళు పారుతున్నాయని బస్సు సగం దారిలో ఆపేశారు. అక్కడి నుంచి ఆటో, ఆటో దిగాక పడవ. పడవ నడిపినతని పేరు విశ్వాసం. నలభై దాటని మనిషి. గెడ నీళ్ళలో గుచ్చి తోస్తూ నన్ను ఎగాదిగా చూశాడు.

“పేపరోళ్ళాండీ?”

“కాదండీ. కాలేజీ నుంచి. ఆకాశంలో పడవ కనబడిందన్నారు కదా, పరీక్ష చెయ్యడానికి వచ్చాను.”

“పరీక్ష పడవకాండీ, మాకాండీ?” అని నవ్వాడు. “మాకైతే ముందే చెబుతున్నాను, అయిదో తరగతే తప్పాం.”

నేనూ నవ్వాను. తరవాత అతనే అన్నాడు: “ఆ పడవలో ఉన్నవాడు మావాడేనండీ. నెల్సన్ అని. బుధవారం పొద్దున్న వెళ్ళాడు, ఇంకా రాలేదు.”

ఆ సంగతి పేపర్లో లేదు. నేను రాసుకోవడానికి పెన్ను తీశాను, మళ్ళీ జేబులో పెట్టేశాను.

విశ్వాసం చెప్పింది ఇదీ. నెల్సన్ లంకకు తూర్పున ఉన్న ఒక చేపల చెరువుకి కాపలా ఉండేవాడు. మంగళవారం తుఫానుకి చెరువు గట్టు తెగింది. బుధవారం పొద్దున్న వలలైనా దక్కుతాయేమోనని తన పడవ మీద వెళ్ళాడు. వరద పెరిగింది, ఫోను పలకలేదు. గురువారం పొద్దున్న చర్చి వెనక, పడవలు వచ్చి ఆగే గట్టు మీద ఊరివాళ్ళు ఎదురుచూస్తూ ఉంటే, ఆకాశంలో నెల్సన్ కనబడ్డాడు. పడవలో నిలబడి, గెడ పైకెత్తి ఊపుతున్నాడు. ఆ పడవ మీద ఇంకో పడవ, తలకిందులుగా. కాసేపు ఉండి, కరిగిపోయింది.

“మరి మీరేం చేశారు?”

“ఏం చేస్తామండీ? మోకాళ్ళ మీద పడ్డాం. బైబిల్లో ఏలీయాను ఆకాశానికి తీసుకున్నట్టు దేవుడు తీసుకున్నాడన్నారు మా చర్చి అయ్యగారు. వాడి భార్య, మా వదిన, మటుకు ఏడవలేదు, అలా చూస్తూ ఉండిపోయింది. ఆ సాయంత్రం చర్చిలో ఒక్కొక్కరం లేచి సాక్ష్యాలు చెప్పుకున్నాం.” గెడ మీద చేతులు ఆగాయి. “శవమైనా దొరుకుతుందని నిన్నట్నుంచి తూర్పు వైపు వెతుకుతున్నారండీ. ఇంజను బోటు ఒకటి పంపారు.”

చర్చిలో సంఘం అంతా ఉంది. సత్యానందం అయ్యగారు నన్ను చూసి లేచి వచ్చారు. తెల్లబట్టలు, నలిగిన ముఖం. రెండు రాత్రులుగా నిద్రలేదని తెలుస్తోంది. కుర్చీ వేయించారు, టీ తెప్పించారు.

“విడివిడిగా మాట్లాడాలండీ అయ్యగారూ” అన్నాను.

“విడివిడిగా ఎందుకు బాబూ? అందరం ఒకే మాట మీద ఉన్నాం.”

“అందుకేనండీ.”

ఆయన నొచ్చుకోలేదు. “సరే, ముందు హన్నమ్మతో మాట్లాడు. ఆవిడ నెల్సన్ భార్య” అన్నారు.

హన్నమ్మ చర్చి వెనక గట్టు మీద ఉంది. చీర కొంగు తల మీంచి కప్పుకుని, నీళ్ళకి దగ్గరగా కూర్చుంది. నేను పక్కన కూర్చుని కాలేజీ పేరు చెప్పాను. ఆవిడ అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. చర్చిలో సాక్ష్యం చెబుతున్నట్టే చెప్పింది, కంఠతా వచ్చిన పాఠంలా. “తూర్పు దిక్కున, ప్రభువు వచ్చే దిక్కున, ఆకాశం తెరుచుకుంది” అని. అది ఆవిడ మాట కాదని నాకు తెలుసు. మా పెంటపాడు చర్చిలో నేనూ పెరిగాను. మొదట నిలబడినవారు ఏ మాటతో చెబితే, తరవాత నిలబడినవారు ఆ మాటతోనే చెబుతారు. అందులో మోసం ఏమీ ఉండదు. పాట అందుకున్నట్టు అందుకుంటారు.

మామూలుగా అడిగే ప్రశ్నలు అడిగాను. గాలి ఉందా? లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. పొగమంచు ఉందా? అప్పుడే విడిపోయింది. ఎండ కళ్ళలో పడిందా?

“లేదు బాబూ. చలికి వణికిపోతున్నాను. ఎండ వీపు మీద పడుతుంటే కాస్త హాయిగా ఉంది.” కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. “మనిషి కనపడక నేను చచ్చిపోతుంటే, నా ఒంటికి హాయి ఏవిటో. తరవాత సిగ్గేసింది.”

నేను ఇంకో ప్రశ్న అడగబోయి ఆగాను. పొద్దున్న. ఎండ వీపు మీద.

“అమ్మా, ఒక్కసారి లేచి నిలబడండి. ఆ రోజు ఎక్కడ నిలబడ్డారో అక్కడే.”

లేచింది. గట్టు మీద నాలుగడుగులు వేసి, సర్వీ కర్ర పాతిన చోట ఆగింది.

“మాట్లాడకండి. చేత్తో చూపించండి, ఎక్కడ కనబడ్డారో.”

ఆవిడ చెయ్యి ఎత్తింది. వెనక చర్చి గోడ, ఎదురుగా నీళ్ళు, నీళ్ళకి అవతల కిక్కిస గడ్డి, దాని వెనక పాత చెరువుల గట్లు. ఆవిడ ఆ గట్ల వైపే చెయ్యి చాచి నిలిచింది. నా ఫోన్లో దిక్సూచి చూశాను. నైరుతి.

“అమ్మా, అది తూర్పు కాదు.”

హన్నమ్మ తన చేతి వైపు చూసుకుంది. చెయ్యి దించలేదు. “కాదు” అంది. “కాదు బాబూ. అందరూ తూర్పన్నారు. ఆయన చెరువూ తూర్పే. నేనూ తూర్పే అన్నాను. అన్నాక నాకూ అటే కనబడడం మొదలుపెట్టింది.”

ఆవిణ్ణి అక్కడే ఉండమని, చర్చిలోంచి పుష్పమ్మ అనే పెద్దావిణ్ణి పిలిచాను. హన్నమ్మకి దూరంగా, తను ఆ రోజు చూసిన చోటే నిలబెట్టి చూపించమన్నాను. నైరుతి. విశ్వాసాన్ని పిలిచాను. నైరుతి. నేను ఏమీ అనకముందే అతని ముఖం మారిపోయింది. చివరకి అయ్యగారు వచ్చారు. చెయ్యి ఎత్తారు. ఎత్తిన చేతిని తనే చూసుకుని, మెల్లగా వెనక్కి తిరిగి, చర్చి మీదుగా సూర్యుడు వచ్చిన వైపు చూశారు.

“నేనే మొదట అన్నాను” అన్నారు. “ప్రభువు తూర్పున వస్తాడు కదా అని. సంఘం ముందు నిలబడి అన్నాను.”

కోదండరామయ్యగారికి ఫోను చేశాను. ఆయన రెండు ప్రశ్నలే అడిగారు, గాలి ఆడిందా, రాత్రి చలి ఎక్కువా అని. తరవాత గబగబా చెప్పారు: “నీళ్ళని ఆనుకుని చల్లగాలి, దాని మీద వెచ్చటి గాలి. అలాంటప్పుడు కాంతి వంగుతుంది. గట్టు అవతల, కంటికి అందని చోట ఉన్నదాన్ని పైకెత్తి చూపిస్తుంది. తలకిందులుగా ఇంకో బొమ్మ కూడా కనబడుతుంది. అనిల్, విను. అది నీడ కాదు, కల కాదు. అక్కడ పడవ ఉంది. అందులో మనిషి ఉన్నాడు. గురువారం పొద్దున్నకి బతికి ఉన్నాడు. నాతో మాట్లాడుతూ కూర్చోకు, వెళ్ళు.”

విశ్వాసానికి వెంటనే అర్థమైంది. ఫిజిక్సు కాదు, గాలి. “తుఫాను వెళ్ళాక ఈశాన్యం నుంచి తోసిందండీ గాలి. గుర్రపుడెక్క మొత్తం నైరుతికే కొట్టుకుపోయింది. దాంట్లో ఇరుక్కుంటే పడవ కూడా దాంతోపాటే పోద్ది.” తల మీద కొట్టుకున్నాడు. “అయిదో తరగతి తప్పినోడికి కూడా తెలిసే సంగతేనండీ ఇది!”

ఇంజను బోటు నడిపే రాజేష్ అనే కుర్రాడికి ఫోను కలిపాం. తూర్పున చాలా దూరంలో ఉన్నాడు. “వస్తానండీ, కానీ ఆ డెక్కలోకి బోటు రాదు. ఇంజను ఫ్యానుని పట్టేస్తది. మీరు గెడ పడవ మీద ముందెళ్ళండి, నేను చుట్టూ తిరిగి బయట ఉంటాను” అన్నాడు.

విశ్వాసం, నేను పడవ ఎక్కాం. హన్నమ్మను వద్దన్నాం. “ఆ చెయ్యి నాది. నేను లేకుండా ఎటు పోతారు?” అంటూ ఎక్కేసింది.

అయ్యగారు గట్టు మీద నిలబడి అరిచారు: “గంట కొట్టిస్తాను విశ్వాసం! బతికుంటే వింటాడు. ఆపకుండా కొట్టిస్తాను!”

గంట మొదలైంది. ఆదివారపు గంట కాదు అది. లయ లేదు. ఎవరు కొడుతున్నారో గాని, తాడు తెగిపోయేట్టు కొడుతున్నారు.

కిక్కిస దాటేవరకూ బాగానే వెళ్ళాం. ఆ తరవాత డెక్క. నీళ్ళు కనబడలేదు, పచ్చని నేలలా ఉంది. గెడ గుచ్చితే వేళ్ళకి చిక్కుకుని రాదు. విశ్వాసం ముందు కూర్చుని కత్తితో కోస్తుంటే, నేను వెనక నుంచి గెడ తోశాను. నా చేతులకి పుస్తకాలు తప్ప ఏమీ అలవాటు లేదు. అరచేతులు చిట్లాయి. పడవ జానెడు కదిలేది, ఆగేది. వెనక్కి చూస్తే మేం కోసిన దారి అప్పుడే పూడిపోయేది.

“ఏవండీ!” అని హన్నమ్మ పిలిచింది.

నన్ననుకుని తిరిగాను. నన్ను కాదు. ఆవిడ పడవ మధ్యలో నిలబడి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఆ పచ్చని మేట మీదకి పిలుస్తోంది.

“ఏవండీ! ఏవండీ! వస్తున్నామండీ!”

పొయ్యి దగ్గర్నుంచి వాకిట్లో మనిషిని పిలిచే పిలుపే అది. అదే పిలుపు, గొంతు చిరిగేదాకా. ఒక్కసారి ఆగి వినేది. వెనక నుంచి గంట సన్నగా వినపడేది. ముందు నుంచి ఏమీ లేదు. మళ్ళీ పిలిచేది.

మధ్యాహ్నం దాటింది. విశ్వాసం వేళ్ళు తెగి నెత్తురు కారుతోంది. “వాడు మొండోడు వదినా” అన్నాడు కోస్తూనే. “పోయినేడు పాము కరిస్తే పామే చచ్చిందని మనం నవ్వుకోలేదా? ఉంటాడు.” హన్నమ్మ నవ్వలేదు. కానీ తల ఊపింది.

ముందు చూసింది ఆవిడే. ఒక పాత చెరువు గట్టు పక్కన, డెక్కలో నిలువునా గుచ్చిన గెడ. దాని చివర ఎర్ర గళ్ళ తువ్వాలు.

“అదిగో ఆయన తువ్వాలు! ఏవండీ!”

తువ్వాలు ఊగుతోంది. గాలికి.

విశ్వాసం పడవ దిగి, నడుం లోతు డెక్కలో పడుతూ లేస్తూ వెళ్ళాడు. నెల్సన్ పడవ అడుగున పడుకుని ఉన్నాడు. ఎడమ కాలు మోకాలి కింద విరిగి, వల తాడుతో చుట్టి ఉంది. గురువారం రెండో కాలి మీదే నిలబడి ఉంటాడు. తల కింద వల మడిచి పెట్టుకున్నాడు. పక్కన తినడానికి ఒలిచిన కలువ తూళ్ళు ఉన్నాయి. విశ్వాసం వంగి, మెడ మీద చెయ్యి పెట్టాడు. నాడి లేదు. తరవాత నెల్సన్ చెయ్యి పట్టుకుని మడిచి చూశాడు. అది తేలిగ్గా వంగింది.

“వదినా, రాకు” అన్నాడు.

ఆవిడ అప్పటికే దిగింది.

ఆ చెయ్యి ఇంకా బిగుసుకోలేదు. ఒలిచిన తూళ్ళు ఇంకా నల్లబడలేదు. దాని అర్థం ముగ్గురికీ తెలుసు. శుక్రవారం ఇంజను బోటు తూర్పున తిరుగుతున్నంతసేపూ అతను బతికే ఉన్నాడు. నేను ఏలూరులో బస్సెక్కినప్పుడు కూడా బహుశా బతికే ఉన్నాడు. అతను పడుకున్న తీరు కూడా చూశాను. తల ఎత్తుగా పెట్టుకుని, ముఖం తన ఊరివైపు, అంటే లంకవైపు ఉండేలా పడుకున్నాడు.

గంట ఇంకా మోగుతూనే ఉంది. మేం గట్టుకి చేరేదాకా ఆపలేదు. తాడు లాగింది అయ్యగారే అని, ఆయన అరచేతులు చూశాక తెలిసింది.

సమాధి అయ్యాక మూడో రోజున, ఇంటివాళ్ళని ఓదార్చడానికి, చర్చిలో ఆదరణ కూడిక పెట్టారు. నన్ను రమ్మని హన్నమ్మ కబురు చేసింది. పాటలయ్యాక అయ్యగారు లేచి నిలబడ్డారు.

“ఈ సంఘంలో సాక్ష్యం చెప్పే యోగ్యత ఇవాళ నాకు లేదు” అన్నారు. “ఆ బాబు చెబుతాడు.”

నేను లేచాను. కాంతి వంగడం గురించి నాకు చేతనైనంత తేలిగ్గా చెప్పాను. మీరు చూసింది నిజం అన్నాను. మీలో ఎవరూ అబద్ధం చెప్పలేదు అన్నాను. కూర్చోబోతుంటే హన్నమ్మ అడిగింది.

“అయితే నేను చూసింది ఆయన ఆత్మని కాదా బాబూ?”

చర్చి అంతా నా వైపు చూసింది. ఆత్మే అంటే ఆవిడకి అది ఓదార్పు అయ్యేది. ఒక్క మాట. ఆ మాట అనమని అక్కడున్న ప్రతి ముఖమూ నన్ను బతిమాలింది. కానీ ఆ గట్టు మీద అంతమందిలో ఎండ ఎక్కడ పడిందో దాచకుండా చెప్పిన మనిషి ఆవిడ. ఆవిడకి నేను అబద్ధం చెప్పలేకపోయాను.

“కాదమ్మా. ఆయన్నే చూశారు. అప్పటికి బతికే ఉన్నారు. పిలుస్తున్నారు.”

ఎవరో వెక్కారు. హన్నమ్మ కదలలేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నేల చూసింది.

“ఆయన అక్కడ నుంచి మాకు కనబడ్డాడు గదా. మరి ఆయనకి మేం కనబడి ఉంటామా?”

ఈ ప్రశ్న కోదండరామయ్యగారు వేయలేదు. నేనూ వేసుకోలేదు. జవాబు మటుకు డిగ్రీ మొదటి సంవత్సరం పుస్తకంలోనే ఉంది. కాంతి వచ్చిన దారినే తిరిగి వెళుతుంది.

“కనబడి ఉంటారమ్మా. చర్చి, గట్టు, మీరందరూ. ఆయనకీ ఆకాశంలోనే కనబడి ఉంటారు.”

“నేను కూడా?”

“మీరు కూడా.”

ఆవిడ ముఖంలో ఒక్క క్షణం ఏదో వెలిగింది. వెంటనే ఆరిపోయింది.

“మోకాళ్ళ మీద పడ్డాం” అంది. “చేతులెత్తి, కళ్ళు మూసుకున్నాం. పడవ తియ్యలేదు. అది కూడా చూసి ఉంటాడా బాబూ?”

చర్చిలో అందరికీ జవాబు అందింది. కాసేపటికి పుష్పమ్మ లేచి వచ్చి, హన్నమ్మ పక్కన నేల మీద కూర్చుంది. తరవాత ఇంకొకరు, తరవాత విశ్వాసం. ఆ రోజు ఎవరూ ప్రార్థన చేయలేదు.

మా నివేదిక తయారైంది. ఆ కేసు ఎదురుగా ‘వివరణ దొరికింది’ అని ఉంది. వస్తువు: చేపల పడవ, ఒక మనిషి. సాక్షుల మాటకీ చేతికీ తేడా వచ్చిన ఉదాహరణగా దాన్ని ఇక మీద చేరే కుర్రాళ్ళకి పాఠంగా చెబుతారట. ఆ మనిషి పేరు కూడా వేద్దామని కోదండరామయ్యగారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

“నియమం పెట్టింది సాక్షుల మేలుకోసమేనయ్యా. నివేదికలో వద్దు” అన్నారు. “నువ్వు వేరే రాయి.”

అందుకే రాశాను. ఇందులో ఊరి పేరు ఒక్కటే ఆపాను. చలికాలంలో గాలి ఆడని ఉదయం ఎప్పుడైనా మీరు కొల్లేరు గట్టున నిలబడితే, నీళ్ళ మీద, గడ్డి మీద, ఆకాశం అంచున పడవ కనబడితే, ఎండ మీకు ఏ వైపున పడుతోందో ముందు చూసుకోండి. చెయ్యి చాపండి. ఆ చెయ్యి చూపిన వైపు పడవ తియ్యండి. ప్రార్థన పడవలో కూర్చుని కూడా చేసుకోవచ్చు.

మా కాగితాల్లో వస్తువు అని రాసిన ఆ మనిషి పేరు నెల్సన్. దయచేసి ఆయన్ని గుర్తుపెట్టుకోండి.